తిరుపతిలో చదివిన నాటి స్నేహితురాళ్లు మహమ్మారి కాలంలో యోగక్షేమాలు పంచుకోవడం ఎలా?

తిరుపతిలో చదువుకొని, పెళ్లిళ్లతోను ఉద్యోగాలతోను మదనపల్లె నుంచి మెల్‌బోర్న్ దాకా చెదిరిపోయిన స్త్రీలు ఒకరి సంగతి మరొకరు తెలుసుకోవాలని ఎంతగానో తపించిన కాలం 2020, 2021 సంవత్సరాలు. గడప దాటే వీలు లేకుండా పోయినప్పుడు, పెళ్లి పందిళ్లలోనూ కొండ మీద దర్శనం వరుసల్లోనూ అనుకోకుండా ఎదురుపడే అవకాశం కూడా మూసుకుపోయినప్పుడు, నలభై ఏళ్ల నాటి తరగతుల పేరుతో ఎన్నో వాట్సాప్ గ్రూపులు పుట్టాయి. వాటిలో చాలా వరకు కొద్ది నెలల్లోనే శుభోదయం బొమ్మలతోనూ కషాయాల చిట్కాలతోనూ నిండిపోయి, ఎవరు ఎలా ఉన్నారో మాత్రం చెప్పకుండానే చల్లబడిపోయాయి. నిలిచిన గ్రూపులను గమనిస్తే, అక్కడ ప్రతి ఒక్కరికీ తన మాటను తాను పూర్తిగా చెప్పుకొనే వంతు దొరికిందని తెలుస్తుంది. 1970లలో డిగ్రీ చదివిన మా తరగతి ఆ పద్ధతిలోనే నడిచింది. ఆ వంతును ఎలా ఏర్పాటు చేయాలో, వంతు వచ్చినప్పుడు ఏమి రాయాలో, రాసినవారి కష్టానికి మిగిలినవారు ఎలా స్పందించాలో ఇక్కడ వివరిస్తాను. ఇల్లు కదలలేని వయసులో ఉన్నవారికి మహమ్మారి లేని రోజుల్లో కూడా ఈ పద్ధతి పనికివస్తుంది.

మొదట మీ తరగతి వయసును లెక్కలోకి తీసుకోవాలి. శ్రీ పద్మావతి మహిళా కళాశాలను తిరుమల తిరుపతి దేవస్థానం 1952లో ప్రారంభించింది కాబట్టి, ఆ తొలి సంవత్సరాల్లో చేరిన అమ్మాయిలు కరోనా వచ్చేనాటికి ఎనభై అయిదేళ్ల పెద్దలు. 1970లలో చదివినవారు అప్పటికి అరవైల్లో ఉన్నారు. 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో తొలుత చేరినవారు అరవైకి చేరువలో ఉన్నారు. ఈ మూడు తరాలకూ ఒకే మార్గం సరిపోదు. ఎనభైలు దాటినవారిని చిన్న తెర మీది అక్షరాలతో ఇబ్బంది పెట్టకుండా, వారానికొకసారి ఫోను చేసి, వారు చెప్పినదాన్ని వారి మాటల్లోనే రాసిపెట్టే ఒక మనిషిని ఏర్పాటు చేయాలి. కూతురో కోడలో అయితే కొన్ని సంగతులు చెప్పడానికి పెద్దలు సంకోచిస్తారు కాబట్టి, అదే కళాశాలలో తర్వాతి సంవత్సరాల్లో చదివిన ఒక చెల్లెలి వయసు స్త్రీ ఈ పనికి ఎక్కువ తగినది.

మనుషులను వెతికి పట్టుకోవడం

మన తరం ఆడవాళ్లను వెతకడం మగవాళ్లను వెతికినంత సులభం కాదు. పెళ్లితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది, కొందరికి అత్తవారింట్లో పిలుపు పేరు కూడా మారింది. ఫేస్‌బుక్‌లో నాటి పేరుతో వెతికితే ఒక్కరూ దొరకకపోవడానికి కారణం ఇదే. అందువల్ల వెతుకులాట పుట్టింటి వైపు నుంచే మొదలుపెట్టాలి. కళాశాల చివరి సంవత్సరంలో తీయించుకున్న గ్రూపు ఫొటో అట్ట మీద పేర్లు ముద్రించి ఉంటాయి. వీడ్కోలు రోజున సంతకాలు పెట్టించుకున్న ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో ఊళ్ల పేర్లు, ఒక్కోసారి పూర్తి చిరునామాలే ఉంటాయి. తీర్థకట్ట వీధి, బేరి వీధి, గాంధీ రోడ్డు, కొర్లగుంట ప్రాంతాల్లో ఇల్లు చేతులు మారినా పక్కింటివారికి ఆ కుటుంబం ఎక్కడికి వెళ్లిందో తెలిసి ఉంటుంది. అన్నదమ్ముల దుకాణాలు, మేనమామల ఊళ్లు, పుత్తూరు, శ్రీకాళహస్తి, పాకాల, పీలేరు వంటి చోట్ల మిగిలిన బంధువులు మరో దారి. ఒకే హాస్టల్ గదిలో ఉన్నవారు ఒకరి పెళ్లికి మరొకరు తప్పక వెళ్లి ఉంటారు కాబట్టి, ఒక గదిలో ఒక్కరు దొరికితే మిగిలిన వారి జాడ తెలిసే అవకాశం ఎక్కువ.

డిగ్రీ పూర్తి చేయకుండా మధ్యలోనే పెళ్లి చేసుకొని వెళ్లిపోయినవారిని తప్పనిసరిగా పిలవాలి. ఆ రోజుల్లో రెండో సంవత్సరం వేసవి సెలవుల్లో పెళ్లయి తిరిగి తరగతికి రాని అమ్మాయిలు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. తాము పూర్వ విద్యార్థినులమని చెప్పుకోవడానికి వారు వెనకాడుతారు, ఎవరైనా ఫోను చేస్తే "నేను పాసు కాలేదు కదా" అని తప్పుకోవాలని చూస్తారు. హాజరుపట్టీలో పేరు ఉన్న ప్రతి మనిషీ మన తరగతి మనిషేనని మొదటి మాటలోనే వారికి స్పష్టం చేయాలి. నా అభిప్రాయంలో ఒక గ్రూపు మంచిదో కాదో తెలిసేది వీరిని ఎలా చేర్చుకుందన్న దాన్ని బట్టే.

నంబరు దొరకగానే గ్రూపులో చేర్చేయడం మర్యాద కాదు. ముందు స్వయంగా ఫోను చేయాలి. మహమ్మారి రోజుల్లో ఫోను చేసినప్పుడల్లా ముందు దగ్గు శబ్దం, ఆ తర్వాత కరోనా జాగ్రత్తలు వినిపించేవి. అవతల ఇంట్లో ఫోను మోగితే ఏ చావు కబురో అని గుండె అదిరేది. అలాంటి కాలంలో ఎవరికైనా ఫోను చేస్తే మొదటి వాక్యం "అంతా క్షేమమే, ఊరికే పలకరించాలని చేశాను" అన్నదే కావాలి. తర్వాత మీ పుట్టింటి ఇంటిపేరుతో, చదివిన గ్రూపుతో, కూర్చున్న బల్ల వరుసతో మీరెవరో చెప్పండి. వంటపని సమయంలోనూ రాత్రి తొమ్మిది దాటాకా కాకుండా, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో చేయడం మంచిది. మాట్లాడటం ఇష్టం లేదని తోస్తే నంబరు చెప్పి ఆపేయండి. చాలామంది రెండు మూడు వారాల తర్వాత తామే తిరిగి చేస్తారు.

ఇంకొక సంగతి. నలభై ఏళ్ల ఎడబాటు తర్వాత మాట్లాడేటప్పుడు, అందునా ఒకరు పెద్ద ఉద్యోగంలో విరమణ పొంది మరొకరు పల్లెలో సేద్యం చూసుకుంటున్నప్పుడు, "మీరు", "గారు" అన్న మాటలు తమంతట తామే వచ్చి కూర్చుంటాయి. "ఏమే, బాగుండావా?" అని పిలుచుకున్న వాళ్ల మధ్య ఆ మర్యాద దూరాన్ని పెంచుతుంది. తరగతి వారంతా "నువ్వు" అనే పిలుచుకోవాలని, అధ్యాపకులకు మాత్రమే "మేడమ్" అని, పై తరగతి వారికి "అక్కా" అని మొదటి రోజే ఒప్పందం చేసుకోండి.

వంతుల వరుస

అందరూ ఒకేసారి రాయడం మొదలుపెడితే, భర్తను పోగొట్టుకున్న ఒకామె రాసిన నాలుగు వాక్యాలు ఒకరి మనవడి పుట్టినరోజు ఫొటోలకూ మరొకరి మిద్దెతోట బెండకాయలకూ నడుమ కొట్టుకుపోతాయి. ఇందుకోసమే వంతు కావాలి. ఒక్కొక్కరికి మూడు రోజులు కేటాయించండి: మొదటి రోజు ఆమె తన సంగతులు రాసిన ఉత్తరం గ్రూపులో వస్తుంది, మిగిలిన రెండు రోజులు అందరూ ఆ ఉత్తరం గురించే మాట్లాడతారు. నలభై మంది ఉన్న తరగతికి ఒక చుట్టు పూర్తి కావడానికి నాలుగు నెలలు పడుతుంది, అది ఎక్కువ కాలమేమీ కాదు. పండుగ శుభాకాంక్షలకూ రోజువారీ పలకరింపులకూ వేరే గ్రూపు పెట్టుకోవచ్చు. ఉత్తరాల గ్రూపులో ఉత్తరాలు, వాటి జవాబులు తప్ప మరేదీ పెట్టకూడదని నిర్వాహకురాలు గట్టిగా పట్టుబట్టాలి.

వరుసను నాటి హాజరుపట్టీ ప్రకారం పెట్టడం అన్నిటికన్నా న్యాయంగా ఉంటుంది. పట్టీ దొరకకపోయినా పక్క పక్క నంబర్లు గుర్తున్నవారు కలిసి కూర్చుకుంటే వరుస తయారవుతుంది. ఆ కూర్చుకోవడమే గ్రూపును కలిపే మొదటి పని అవుతుంది. హోదాను బట్టి గానీ, విదేశంలో ఉన్నదాన్ని బట్టి గానీ, ఎవరు చురుకుగా ఉన్నారన్న దాన్ని బట్టి గానీ వరుస పెడితే, మొదటి ఉత్తరం చదివిన తర్వాత తమ బతుకు చిన్నదనుకొనేవారు వెనక్కి తగ్గుతారు. వంతు వచ్చినప్పుడు రాసే స్థితిలో లేనివారు "తర్వాత" అని ఒక్క మాట పెడితే చాలు, కారణం అడగకూడదు.

ఉత్తరంలో ఏమి రాయాలి

ఈ తరం స్త్రీలకు తమ గురించి రాయమంటే చేయి కదలదు. పెద్దబ్బాయి బెంగళూరులో, చిన్నమ్మాయి న్యూజెర్సీలో, మనవరాలికి ఫలానా ర్యాంకు అని మూడు వాక్యాలు రాసి, చివర "దేవుడి దయ వల్ల అందరం బాగున్నాం" అని ముగిస్తారు. ఆ ఉత్తరంలో రాసిన మనిషి ఉండదు. పిల్లల సంగతులు రాయవద్దని నేను చెప్పడం లేదు. వాటికి ఉత్తరంలో నాలుగో వంతు చోటు చాలు. మిగిలిన మూడు వంతుల్లో రాయవలసింది మీరు ఉంటున్న ఇల్లు, మీతో ఉన్న మనుషులు, మీ దినచర్య, మీరు చేసిన ఉద్యోగం లేదా మోసిన సంసారం, ఈ మహమ్మారి మీ ఇంట్లో మార్చిన విషయాలు, ఇప్పుడు మీకు సంతోషం ఇస్తున్నదీ భయం పెడుతున్నదీ. ఒక పుట నుంచి రెండు పుటల దాకా రాస్తే చదివేవారికి తృప్తిగా ఉంటుంది.

మొదలుపెట్టడం తెలియనివారు నిన్నటి రోజును రాయాలి. "లాక్‌డౌన్ బోరుగా ఉంది" అని రాస్తే చదివినవారికి ఏమీ కనిపించదు. "ఉదయం అయిదింటికి లేచి డికాక్షన్ వేసుకొని, పేపరు రావడం మానేసింది కాబట్టి పాత వారపత్రికలే మళ్లీ చదువుతున్నాను, పనిమనిషిని రావద్దని జీతం ఇస్తున్నాం, అంట్లు ఆయన తోముతున్నారు, పెళ్లయిన ముప్పై తొమ్మిదేళ్లలో ఇది మొదటిసారి" అని రాస్తే, ఆ ఇల్లు మొత్తం కళ్ల ముందుకు వస్తుంది. వంటింట్లో చేసిన పని చిన్నది, రాయదగినది కాదు అన్న అభిప్రాయాన్ని పక్కన పెట్టాలి. ఇంటిల్లిపాదీ నెలల తరబడి ఇంట్లోనే ఉన్న కాలంలో, ఇళ్లలో ఉన్న అరవై ఏళ్ల స్త్రీలు ఎంత పని చేశారో ఆ ఉత్తరాల్లో తప్ప వేరెక్కడా నమోదు కాలేదు.

తేదీలు వేయడం చాలా అవసరం. రోజులన్నీ ఒకేలా గడవడంతో ఏది ఎప్పుడు జరిగిందో అందరూ మరిచిపోయారు. గుర్తు చేసుకోవడానికి కొన్ని తేదీలను మేకుల్లా వాడుకోవచ్చు. జనతా కర్ఫ్యూ 2020 మార్చి 22, ఆదివారం. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన మార్చి 25 శార్వరి నామ సంవత్సర ఉగాది, అందువల్ల ఆ రోజు ఉగాది పచ్చడి ఎవరెవరు కలిసి తిన్నారన్నది చాలామందికి గుర్తుంటుంది. ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది గంటలకు దీపాలు పెట్టాం. తిరుమలలో భక్తులకు దర్శనం మార్చి 20న ఆగి, జూన్ 8న ప్రయోగాత్మకంగా దేవస్థానం ఉద్యోగులకు, 11వ తేదీ నుంచి మిగిలిన భక్తులకు మళ్లీ మొదలైంది. ఆ ఏడాది సెప్టెంబరులో బ్రహ్మోత్సవాలు ఏకాంతంగా జరిగాయి. గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కన్నుమూసింది ఆ ఉత్సవాల రోజుల్లోనే, సెప్టెంబరు 25న. అరవై ఏళ్లు దాటినవారికి టీకాలు 2021 మార్చి 1న మొదలయ్యాయి. రెండో ఉధృతి ఏప్రిల్, మే నెలల్లో వచ్చింది. మీ ఇంటి సంగతులను ఈ తేదీలకు ముందో వెనకో పెట్టుకుంటూ పోతే, చెదిరిన జ్ఞాపకం వరుసలోకి వస్తుంది.

తిరుపతిలోనే ఉండిపోయినవారికి ఒక అదనపు బాధ్యత ఉంది. దూరాన ఉన్నవారు ఊరి సంగతుల కోసం ఆకలిగా ఎదురుచూస్తారు. అలిపిరి మెట్ల దారి ఎలా ఉంది, నాలుగు కాళ్ల మండపం దగ్గర పూల అంగళ్లు తెరిచారా, గోవిందరాజస్వామి గుడి వీధుల్లో మనుషులు తిరుగుతున్నారా, యాత్రికుల మీద బతికే హోటళ్లవాళ్లు, జీపులవాళ్లు ఏమైపోయారు అన్నవి వారి ప్రశ్నలు. యాత్రికులు లేని తిరుపతిని అంతకుముందు మనలో ఎవరమూ చూడలేదు. బాల్కనీ నుంచి కనిపించిన వీధిని, కొండను, పాలవాడు చెప్పిన మాటను ఉన్నది ఉన్నట్లు రాయండి. అప్పటికి మనమంతా చిత్తూరు జిల్లావారమే. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. తర్వాత చదివేవారికి తికమక కలగకుండా ఆ ఉత్తరాల్లో నాటి జిల్లా పేరునే ఉంచండి.

విదేశాల్లో ఉన్నవారి ఉత్తరాలు వేరే రకంగా ఉంటాయి. కూతురి పురుటికని అమెరికా వెళ్లి, 2020 మార్చి 23 నుంచి అంతర్జాతీయ విమానాలు ఆగిపోవడంతో నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయిన తల్లులు ఎందరో ఉన్నారు. తెచ్చుకున్న బీపీ, షుగరు మందులు అయిపోవడం, బీమా గడువు, వీసా పొడిగింపు, అల్లుడి ఇంట్లో అతిథిగా ఎక్కువ రోజులు ఉండవలసి వచ్చినందుకు కలిగిన మొహమాటం, ఇక్కడ ఒంటరిగా ఉన్న భర్త వంట ఎలా చేసుకుంటున్నాడన్న ఆందోళన, ఇవన్నీ తప్పక రాయదగినవి. చిక్కుకుపోయినవారిని తీసుకురావడానికి మే 7న మొదలైన వందే భారత్ విమానాల్లో చోటు ఎలా దొరికిందో రాసిన ఒక్క ఉత్తరం, అదే స్థితిలో ఉన్న మరో ఇద్దరికి దారి చూపుతుంది.

కళ్లు సరిగా కనిపించనివారి గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి. అత్యవసరం కాని శస్త్రచికిత్సలు ఆ నెలల్లో వాయిదా పడ్డాయి కాబట్టి, కాటరాక్ట్ ఆపరేషను కోసం ఎదురుచూస్తూ మసక చూపుతోనే గడిపినవారు మన వయసులో చాలామంది. వారు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫొటో తీయించి పంపవచ్చు. ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టించుకొని మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అక్షరాలు వాటంతటవే పడతాయి. తప్పులను మరొకరు సరిదిద్దుతారు. అది కూడా కష్టమైతే గొంతుతోనే ఒక సందేశం చెప్పి పంపితే చాలు, నిర్వాహకురాలు దాన్ని విని రాసిపెట్టాలి. గొంతు సందేశాన్ని చెరిపేయకుండా దాచండి. ఇరవై ఏళ్ల వయసులో విన్న గొంతు అరవై అయిదేళ్లకు ఎలా ఉందో వినడం స్నేహితురాళ్లకు రాత ఇవ్వలేని ఆనందం.

జవాబు రాయడం, అడగకూడనివి

ఉత్తరానికి బొటనవేలి బొమ్మ జవాబు కాదు. కనీసం ఒక ప్రశ్నో, ఒక జ్ఞాపకమో రాయాలి. "నువ్వు రాసిన మిద్దెతోటలో ఏ మట్టి వాడావు?" అన్నా సరే, "కార్తీక సోమవారం కపిలతీర్థంలో నీ చెప్పులు పోయి నా చెప్పుల్లో ఒకటి నువ్వు వేసుకున్నావు" అన్నా సరే, రాసిన మనిషి మాట ఒకరికి చేరిందని ఆమెకు తెలుస్తుంది. జవాబు రాక మిగిలిపోయిన ఉత్తరం ఉంటే, నిర్వాహకురాలు ఆ సాయంత్రమే ఇద్దరికి విడిగా ఫోను చేసి రాయించాలి.

"మీవారు ఏం చేస్తున్నారు?", "పిల్లలెందరు?" అన్న ప్రశ్నలు మనకు అలవాటైపోయినవి, కానీ పెళ్లి చేసుకోనివారికి, విడిపోయినవారికి, బిడ్డను పోగొట్టుకున్నవారికి అవి గాయాన్ని రేపుతాయి. వాటి బదులు "నీ సంగతులు చెప్పు" అంటే, ఏది చెప్పాలో ఎంచుకొనే స్వేచ్ఛ ఆమెకే ఉంటుంది. ఆస్తులు, అల్లుళ్ల జీతాలు, బరువు, జుట్టు రంగు గురించిన మాటలు ఈ గ్రూపులో అక్కరలేదు.

చిట్కాల సందేశాల గురించి ఖచ్చితంగా ఉండాలి. ఎక్కువసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారి ఒక్కరికే పంపగలిగేలా వాట్సాప్ సంస్థే 2020 ఏప్రిల్‌లో పరిమితి పెట్టింది, అయినా అవి ఆగలేదు. 2021 మే నెలలో, కరోనాకని పంచిన కృష్ణపట్నం మందు గురించి వచ్చిన సందేశాలు లెక్కలేవు. మన తరగతిలో ఒక డాక్టరు ఉంటే, ఆమెను అందరూ రాత్రింబగళ్లు సలహాలు అడిగి అలసిపోయేలా చేయకూడదు. ఆమె కూడా వంతు ఉన్న ఒక స్నేహితురాలే, ఆమె ఉత్తరంలో ఆమె అలసటకు చోటు ఉండాలి. జబ్బు పడినవారికి గ్రూపు ఇవ్వగలిగినది వైద్యం కాదు, మనుషుల తోడు. ఎవరికి ఎవరు దగ్గరలో ఉన్నారో ఒక పట్టిక ముందే తయారుచేసి పెట్టండి: బైరాగిపట్టెడలో ఉన్నవారికి భవాని నగర్‌లో ఎవరున్నారు, చిత్తూరులో ఒంటరిగా ఉన్నవారికి గేటు దగ్గర అన్నం క్యారియరు, మందులు పెట్టి రాగలవారు ఎవరు అన్నది ఆపద వచ్చినప్పుడు వెతుక్కోకూడదు. కరోనా సోకి ఇంట్లోనే విడిగా ఉన్నవారికి రోజుకు రెండు వేళల్లో ఒకే మనిషి ఫోను చేసి, ఆక్సీమీటరు అంకె ఎంత ఉందో అడిగి, అది 94 కన్నా తగ్గితే వెంటనే వారి పిల్లలకూ డాక్టరుకూ తెలియజేయాలి. నలుగురూ ఫోను చేస్తే జ్వరంతో ఉన్న మనిషికి మాట్లాడటమే శ్రమ అవుతుంది.

మరణవార్త వచ్చినప్పుడు

ఈ భాగాన్ని ఎవరూ ముందుగా ఆలోచించుకోరు, అందుకే ఇక్కడ తొందరపాట్లు జరుగుతాయి. ముగ్గురు స్నేహితురాళ్లను ముందే నిర్ణయించి పెట్టుకోండి. కుటుంబంలో ఒకరితో స్వయంగా మాట్లాడి నిర్ధారించుకున్న తర్వాతే, వారి అనుమతితో, ఆ ముగ్గురిలో ఒకరు మాత్రమే వార్తను గ్రూపులో రాయాలి. రాత్రి వేళ పెట్టకూడదు. ఒంటరిగా ఉన్నవారు, గుండెజబ్బు ఉన్నవారు ఆ వార్తను నిద్రలో లేచి చూసుకోవలసి వస్తుంది. పోయిన ఆమెకు అత్యంత ఆప్తురాలైన స్నేహితురాలికి ముందుగా ఫోనులో చెప్పి, ఆ తర్వాత అందరికీ తెలపాలి. పార్థివ దేహం ఫొటోలు పెట్టవద్దు. నాటి గ్రూపు ఫొటోలోంచి ఆమె ముఖం, లేదా ఆమె రాసిన ఉత్తరం మళ్లీ పెట్టండి.

పరామర్శకు వెళ్లలేకపోవడం ఆ రెండేళ్లలో మనవాళ్లను ఎంత బాధించిందో అందరికీ తెలుసు. కట్టుకున్న మనిషిని చివరిసారి చూడనైనా చూడలేకపోయిన ఇల్లాలి పక్కన కూర్చొని, చేయి పట్టుకొనే మనిషి కూడా లేకపోయింది. ఫోనుతోనే పరామర్శించవలసి వచ్చినప్పుడు వేళను తెలిసి ఎంచుకోవాలి. మొదటి రోజు బంధువుల ఫోన్లతోనే ఆ ఇల్లు సతమతమవుతుంది, కాబట్టి ఒక చిన్న సందేశం చాలు. మూడో రోజు దాటాక ఒకసారి, పెద్దకర్మ అయిపోయి వచ్చినవారు వెళ్లిపోయి ఇల్లు బోసిపోయినప్పుడు మరొకసారి, నెల మాసికం రోజున ఇంకొకసారి ఫోను చేయండి. ముస్లిం, క్రైస్తవ స్నేహితురాళ్ల ఇళ్లలో నలభయ్యో రోజును గుర్తుపెట్టుకోండి. "ధైర్యంగా ఉండు" అని చెప్పడం కన్నా, ఆమె చెప్పదలచుకుంటే వినడం, చెప్పలేకపోతే ఈ పూట ఏం తిన్నదో అడగడం మేలు. ఎలా సోకింది, ఏ ఆసుపత్రికి ముందే వెళ్లి ఉండవలసింది అన్న ఆరాలు వద్దు. ఆ ప్రశ్నలను ఆమె తనను తాను వెయ్యిసార్లు వేసుకొనే ఉంటుంది.

పోయినది స్నేహితురాలే అయినప్పుడు, ఒక నెల తర్వాత ఒక మంచి పని చేయవచ్చు. ఆమె గురించి ఒక్కొక్కరు ఒక్క సంఘటన రాసి, అన్నీ కలిపి ఆమె పిల్లలకు పంపండి. వారికి తెలిసినది తమ తల్లి. బల్ల మీద తాళం వేస్తూ పాడిన అమ్మాయి, తిరుచానూరు పంచమితీర్థం జనంలో చెల్లెలి చేయి వదలని అమ్మాయి, రసాయనశాస్త్రం ప్రాక్టికల్స్‌లో అందరికన్నా ముందు ముగించి బయటకు వచ్చే అమ్మాయి వారికి తెలియదు. అవి తెలిసినవాళ్లం మనమే.

ముఖాముఖి మాటలు

ఉత్తరాల మధ్య నెలకొకసారి వీడియోలో కలవడం బాగుంటుంది. వాట్సాప్ వీడియో పిలుపులో ఒకేసారి నలుగురే ఉండగలిగేవారు, 2020 ఏప్రిల్‌లో ఆ సంఖ్య ఎనిమిది అయింది. తరగతి మొత్తానికి జూమ్ అనువైనది, డబ్బు కట్టకుండా వాడితే నలభై నిమిషాలకు ఆగిపోతుంది. ఆ నలభై నిమిషాలు చాలు, ఎందుకంటే మన వయసులో అంతకన్నా ఎక్కువసేపు తెర ముందు కూర్చోవడం నడుముకూ కళ్లకూ శ్రమ. ఇద్దరు పదేసి నిమిషాలు మాట్లాడి, మిగిలిన సమయంలో అందరూ పలకరించుకోవచ్చు. వేళ నిర్ణయించేటప్పుడు మన ఉదయం ఆరున్నరను పరిశీలించండి. వేసవిలో అది అమెరికా తూర్పు తీరంలో ముందు రోజు రాత్రి తొమ్మిది, మెల్‌బోర్న్‌లో పగలు పదకొండు. సాయంత్రం ఆరున్నర పెట్టుకుంటే ఆస్ట్రేలియాలో ఉన్నవారు రాత్రి పదకొండు దాకా మేలుకోవాలి. ముందురోజే మనవడి చేత ఒకసారి తెరిపించి చూసుకుంటే ఉదయం కంగారు ఉండదు.

జాగ్రత్తలు, భద్రపరచడం

టీకా వేయించుకున్న సంతోషంలో ధ్రువపత్రం ఫొటో పెట్టడం చాలామంది చేశారు. దానిలో పేరు, వయసు, గుర్తింపు కార్డు చివరి అంకెలు ఉంటాయి కాబట్టి పెట్టకూడదు. ఒంటరిగా ఉంటున్న సంగతి ఇంటి చిరునామాతో కలిపి రాయవద్దు. స్నేహితురాలి నంబరు నుంచి ఆసుపత్రి ఖర్చుకు డబ్బు కావాలని సందేశం వస్తే, ఆమె గొంతు వినేదాకా పంపవద్దు. ఫోనుకు వచ్చిన ఓటీపీ అంకెలను ఎవరు అడిగినా చెప్పవద్దు.

ఒక చుట్టు పూర్తయ్యాక ఉత్తరాలను ఫోను నుంచి బయటకు తీయాలి, లేకపోతే ఫోను పాడయిన రోజున అన్నీ పోతాయి. వాట్సాప్‌లోని ఎక్స్‌పోర్ట్ చాట్ ద్వారా మొత్తం గ్రూపును ఒకేసారి ఈమెయిలుకు పంపుకోవచ్చు. ఉత్తరాలను వేరు చేసి హాజరుపట్టీ వరుసలో పెట్టి, ప్రతి ఉత్తరం పైన తేదీ, ఊరు, పుట్టింటి ఇంటిపేరు, ప్రస్తుత ఇంటిపేరు వేయండి. రాసినవారికి తమ ఉత్తరాన్ని మరొకసారి చూపించి, తీసేయదలచుకున్న వాక్యాలు తీసేయనివ్వండి. కోపంలోనో దుఃఖంలోనో రాసిన మాట పుస్తకంలో ఉండాలా వద్దా అన్నది వారి నిర్ణయమే. డీటీపీ చేసే చోట పదహారు పాయింట్ల అక్షరాలతో, కాగితానికి ఒకవైపే ముద్రింపజేసి స్పైరల్ బైండింగ్ చేయిస్తే, వయసు మళ్లిన కళ్లకు హాయిగా ఉంటుంది, పుస్తకం పూర్తిగా తెరుచుకుంటుంది. ఇది ఫేస్‌బుక్‌లో పెట్టే సరుకు కాదు. రాసినవారికి తలా ఒక ప్రతి, ఫోను లేనివారికి పోస్టులో ఒక ప్రతి, పోయినవారి పిల్లలకు ఒక ప్రతి చేరాలి. అందరూ ఒప్పుకుంటే చదివిన కళాశాల గ్రంథాలయానికి కూడా ఒకటి ఇవ్వవచ్చు.

రెండో చుట్టుకు నిర్వాహకురాలు మారాలి, ఎందుకంటే అందరి కష్టాలూ వినే పని ఒకే మనిషి మీద ఏళ్ల తరబడి పడకూడదు. ఈసారి వరుసను హాజరుపట్టీ చివరి నంబరు నుంచి మొదలుపెట్టండి. మొదటి చుట్టులో "తర్వాత" అని తప్పుకున్నవారికి నెల రోజుల ముందే ఫోను చేసి, రాయడం ఇష్టమైతే చోటు ఉందని, ఇష్టం లేకపోతే చదువుతూ ఉన్నా సంతోషమేనని చెప్పండి.